తలనొప్పులన్నీ సైనస్ కాదు

"నాకు సైనస్ ఉందండీ హకీం సాబ్" అంటూ మా దవాఖానాకు వచ్చేవారికి కొదవ లేదు. నిజానికి సైనస్ అందరికీ ఉంటుంది. మీకూ ఉంది, నాకూ ఉంది. అది ముఖంలోని ఎముకల్లో అల్లా పెట్టిన గాలి గది పేరే తప్ప జబ్బు పేరు కాదు. ఆ గది లోపలి పొర వాచి, దారి మూసుకుపోయి, లోపల చీమిడి నిలవ ఉంటే అప్పుడు దాన్ని సైనసైటిస్ అంటారు. ఈ వారం దాని గురించీ, దాని పేరు పెట్టుకుని తిరిగే వేరే నొప్పుల గురించీ చెప్పుకుందాం. రెండోదే ముఖ్యం. ఎందుకంటే తలనొప్పికి తప్పు పేరు పెట్టుకున్న మనిషి ఏళ్ల తరబడి తప్పు మందు మింగుతాడు.

ఈ గదులు నాలుగు జతలు. చెంప ఎముకల్లో ఉండేవి అన్నిటికన్నా పెద్దవి. కనుబొమల పైన నుదుటిలో ఒక జత. రెండు కళ్ల నడుమ, ముక్కు దూలానికి అటూ ఇటూ తేనెపట్టు అరల్లాంటి చిన్న చిన్న గదులు. బాగా లోపల, పుర్రె అడుగు భాగంలో నాలుగో జత. వీటన్నిటి లోపలా పల్చని తడిపొర ఉంటుంది. ఆ పొర మీద కంటికి కనపడని వెంట్రుకల్లాంటివి ఉండి, పొలంలో గాలికి వరిచేను ఊగినట్టు ఒకే వైపుకు ఊగుతూ, లోపల ఊరిన శ్లేష్మాన్ని ముక్కులోకి తోస్తుంటాయి. చెంప గదికి ఒక చిక్కు ఉంది. దాని తలుపు అడుగున లేదు, పైన ఉంది. నీళ్ల తొట్టికి తూము కింద కాక అంచు దగ్గర పెడితే ఎలా ఉంటుందో అలా. ఆ చిన్న వెంట్రుకలు పని చేసినంతకాలం ఫరవాలేదు. పడిశం పట్టి పొర వాచిందంటే తలుపు మూసుకుంటుంది, వెంట్రుకలు పని మానేస్తాయి, లోపలిది లోపలే ఉండిపోతుంది. అక్కడి నుంచే బరువు, నొప్పి, దుర్వాసన.

మన తిబ్బె యునానీలో దీన్ని నజ్లా, జుకామ్ అనే రెండు మాటలతో చెబుతారు. ద్రవం ముక్కు నుంచి కారితే జుకామ్, వెనక నుంచి గొంతులోకి దిగితే నజ్లా. షేక్ బూ అలీ సీనా (980–1037) తన అల్ ఖానూన్‌లో ఈ తేడా చెప్పారు. కారేది పల్చగా, మంటగా, ముక్కు అంచులు ఒరుసుకుపోయేలా ఉండి, ముఖం ఎర్రబడి దాహం వేస్తే వేడి నజ్లా అనీ, చిక్కగా, తెల్లగా ఉండి తల దిమ్ముగా, బరువుగా ఉంటే చల్లని నజ్లా అనీ విభజించి, మందులు కూడా అలాగే వేరు చేశారు. మంచం పక్కన కూర్చుని చూసి రాసిన మాటలు కనుక ఈ లక్షణాలు ఈనాటికీ పనికొస్తాయి.

అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ ద్రవం మెదడు నుంచి దిగుతుందని పాత హకీములు, వారికి ముందు గ్రీకు వైద్యులు నమ్మారు. అది సరి కాదు. 1660లలో ష్నైడర్ అనే జర్మన్ వైద్యుడు ఇది మెదడు నుంచి రాదనీ, ముక్కు లోపలి పొరలోనే ఊరుతుందనీ చూపించాడు. ఈ మాట ఒప్పుకోవడానికి మనకు నామోషీ అక్కర్లేదు. చోటు తప్పయినా చూపు తప్పు కాదు. ఇంకో ఉదాహరణ వినండి. అబూబకర్ అల్ రాజీ, గులాబీలు పూసే వసంతకాలంలో ఆ వాసన పీలిస్తే అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడికి పడిశం ఎందుకు పడుతోందో వివరిస్తూ ఒక చిన్న గ్రంథం రాశారు. అప్పటికి 'అలర్జీ' అనే మాట పుట్టలేదు. వెయ్యేళ్ల పైచిలుకు కిందటి సంగతి అది.

నిజమైన సైనస్ నొప్పి ఎలా ఉంటుంది?

ముందు పడిశం వస్తుంది. రెండు మూడు రోజులు తుమ్ములు, నీళ్లు. తర్వాత ముక్కు దిబ్బడ వేసి చీమిడి చిక్కబడుతుంది. చెంప గదిలో నిలవ ఉంటే చెంప ఎముక మీద, పై దవడ పళ్లలో నొప్పి. నుదుటి గదిలో ఉంటే కనుబొమ పైన నొప్పి. ఇది పొద్దున లేచాక మొదలై, పొద్దెక్కేకొద్దీ పెరిగి, మధ్యాహ్నం దాటాక తగ్గడం తరచుగా చూస్తాం. కళ్ల మధ్య అరల్లో ఉంటే ముక్కు దూలం దగ్గర నొక్కినట్టుంటుంది. లోతు గదిలో ఉంటే నడినెత్తిలోనో, తల వెనకో. ముందుకు వంగితే నొప్పి పెరుగుతుంది. నమాజు చేసేవారికి ఇది వెంటనే తెలుస్తుంది. రుకూలో బరువు, సజ్దాలో నుదురు ఆనించగానే చెంపలు పగిలిపోతున్నట్టుంటుంది. వాసన తగ్గుతుంది. బిర్యానీ దమ్ము మీద ఉన్నా పక్క గదిలోకి తెలియదు.

ఇక్కడ రోజుల లెక్క గుర్తుంచుకోండి. పడిశం చాలావరకు వైరస్ వల్ల వచ్చేదే. పది రోజుల లోపు దానంతటదే తగ్గుముఖం పడుతుంది. చీమిడి పసుపుగా, ఆకుపచ్చగా మారినంత మాత్రాన అది యాంటీబయాటిక్ జబ్బు కాదు. మామూలు పడిశంలోనూ మూడో రోజో నాలుగో రోజో రంగు మారుతుంది. బాక్టీరియా చేరిందని అనుమానించవలసినవి మూడు సందర్భాలు. పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోవడం ఒకటి. తగ్గినట్టే తగ్గి అయిదారు రోజుల తర్వాత మళ్లీ జ్వరంతో, నొప్పితో తిరగబెట్టడం ఇంకొకటి. మొదటి నుంచే 102 డిగ్రీల జ్వరం, చీములాంటి చీమిడి, ముఖం నొప్పి మూడు నాలుగు రోజులు వదలకపోవడం మూడోది. ఇలా కాకుండా లక్షణాలు పన్నెండు వారాలు దాటి ఉండిపోతే అది దీర్ఘవ్యాధి. దాని లెక్క వేరు. అందులో నొప్పి కన్నా ముక్కు దిబ్బడ, గొంతులోకి కారడం, వాసన పోవడం ఎక్కువగా ఉంటాయి.

ఈ చివరి మాట చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. ముక్కు శుభ్రంగా ఉండి, చీమిడి లేకుండా, వాసన బాగా తెలుస్తూ, నెలకు నాలుగుసార్లు నుదురు బద్దలయ్యే నొప్పి వస్తోందంటే అది సైనస్ కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

మరి అదేమిటి?

ఎక్కువ మందిలో అది షఖీఖా, అంటే పార్శ్వపు నొప్పి, మైగ్రేన్. 2004లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. తమకు సైనస్ తలనొప్పి ఉందని తామే అనుకున్నవారిని, లేదా డాక్టరు చెప్పగా నమ్మినవారిని 2,991 మందిని పరీక్షించి చూస్తే, నూటికి 88 మందివి మైగ్రేన్ తరహా నొప్పులని తేలింది. మన దేశంలో సరిగ్గా అంతే ఉంటుందని నేను అనను. కాని మా దవాఖానాలో నాడి పట్టి, నాలుగు ప్రశ్నలు అడిగితే తేలేది కూడా దాదాపు అదే దారిలో ఉంటుంది.

పొరపాటు పడడానికి కారణం ఉంది. ముఖానికీ తలకూ స్పర్శ తెలిపే పెద్ద నరం ఒకటే. మైగ్రేన్‌లో ఆ నరం రెచ్చిపోయినప్పుడు ముక్కు పొర ఉబ్బుతుంది, కళ్ల వెంట నీళ్లు కారతాయి, నొప్పి చెంపలోనూ కనుబొమ పైనా తెలుస్తుంది. వాతావరణం మారినప్పుడు వస్తుంది. అగరుబత్తి, ఘాటైన అత్తరు వాసనకు వస్తుంది. ఇవన్నీ చూసి ఎవరైనా సైనస్ అనే అనుకుంటారు. తేడా ఎక్కడుందంటే, కారేది పల్చని నీరే కాని చీము కాదు. నొప్పి పోట్లు పొడుస్తున్నట్టుంటుంది, చాలాసార్లు ఒక పక్కనే. కడుపులో తిప్పుతుంది, వాంతి అవుతుంది. వెలుతురు, చప్పుడు సహించవు. చీకటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకోవాలనిపిస్తుంది. మెట్లెక్కితే ఎక్కువవుతుంది. కొన్ని గంటల నుంచి మూడు రోజుల లోపు దానంతటదే పోయి మళ్లీ ఇంకోసారి వస్తుంది. ఇంట్లో అమ్మకో, నానీకో ఇదే నొప్పి ఉండి ఉంటుంది. ఆడవాళ్లకు నెలసరి రోజుల్లో వస్తుందంటే ఇక సందేహం అక్కర్లేదు.

రంజాన్ మొదటి వారంలో వచ్చే తలనొప్పిని కూడా కొందరు సైనస్ ఖాతాలో వేస్తారు. అది చాలావరకు చాయ్ మానేయడం వల్ల, నీళ్లు చాలకపోవడం వల్ల, నిద్ర తెగిపోవడం వల్ల వస్తుంది. రోజుకు ఆరు చాయ్‌లు తాగేవారు షాబాన్ నెలలోనే ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వస్తే ఆ బాధ చాలా తగ్గుతుంది. ఇఫ్తార్ నుంచి సహ్రీ దాకా నీళ్లు కొంచెం కొంచెంగా తాగండి. ఒక్కసారిగా చెంబెడు తాగితే లాభం లేదు.

ఇంకో మాట. ఏ తలనొప్పికైనా సరే, మెడికల్ షాపు మాత్రలు నెలకు పదిహేను రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే పది రోజులు, అలా నెలల తరబడి మింగేవారికి ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెడతాయి. మాత్ర వేస్తే తగ్గడం, దిగగానే మళ్లీ రావడం. ఇలాంటివారికి జోషాందా ఇచ్చినా, అల్లోపతి ఇచ్చినా ముందు ఆ మాత్రలు మాన్పించనిదే గుణం కనపడదు. మాన్పించడం కూడా వైద్యుడి కనుసన్నల్లో జరగాలి.

పళ్ల సంగతి మరచిపోకండి. చెంప గది అడుగు, పై దవడలోని వెనక పళ్ల వేళ్లకు ఆనుకుని ఉంటుంది. అక్కడ పన్ను పుచ్చి వేరు దగ్గర చీము పడితే అది గదిలోకి ఎక్కుతుంది. అలాంటప్పుడు ఒక పక్క ముక్కు నుంచే చీమిడి వస్తుంది, అది కుళ్లు వాసన వేస్తుంది. ఆ వాసన చుట్టుపక్కలవారి కన్నా రోగికే ఎక్కువ తెలుస్తుంది. ఒక పక్కే, అదీ దుర్వాసనతో అన్నారంటే నేను మందు రాయడానికి ముందు పళ్ల డాక్టరు దగ్గరికి పంపుతాను. పన్ను బాగుపడకుండా ఎన్ని కషాయాలు తాగినా ఆ గది ఎండదు. తిరగేసిన కథ కూడా ఉంది. సైనస్ వాపు వల్ల పళ్లన్నీ నొప్పెడితే, మంచి పళ్లు పీకించుకున్నవారినీ చూశాం.

ముఖం కడుగుతుంటే, పళ్లు తోముతుంటే, గాలి తగిలితే కరెంటు షాకు కొట్టినట్టు క్షణం పాటు ప్రాణం పోయే నొప్పి వస్తే అది నరం నొప్పి. యాభై ఏళ్లు దాటినవారికి కొత్తగా కణతల నొప్పి మొదలై, దువ్వెన తగిలినా నెత్తి నొప్పెడుతూ, నమిలితే దవడ లాగుతుంటే ఆలస్యం చేయకండి. కణత రక్తనాళం వాచినప్పుడు ఇలా అవుతుంది, చూపు పోయే ప్రమాదం ఉంది. కన్ను ఎర్రబడి, చూపు మసకబారి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ వాంతులయితే అది కంటి పీడనం. అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

మందు ఏమిటి?

మామూలు పడిశపు సైనస్‌కు ముందుగా చేయవలసింది దారి తెరవడం. దీనికి ఉప్పునీటితో ముక్కు కడగడాన్ని మించిన ఇంటి వైద్యం నాకు తెలియదు. వుజూలో ముక్కులోకి నీళ్లు ఎక్కించే అలవాటున్న మనకు ఇది కొత్త కాదు. పావు లీటరు నీళ్లు గలగలా మరిగించి చల్లార్చి గోరువెచ్చగా ఉన్నప్పుడు, టీ చెంచాతో అర చెంచాకు కొంచెం తక్కువ ఉప్పు, చిటికెడు వంటసోడా కలపండి. తొట్టి మీద వంగి, నోటితో గాలి పీలుస్తూ, ఒక రంధ్రంలో మెల్లగా పోస్తే రెండో వైపు నుంచి వచ్చేస్తుంది. రోజుకు రెండుసార్లు. మరిగించని కుళాయి నీళ్లు, బావి నీళ్లు, ట్యాంకు నీళ్లు ఈ పనికి వాడకండి. నీళ్లలో ఉండే ఒక రకం అమీబా ముక్కు దారిన మెదడుకు ఎక్కితే బతకడం బహు అరుదు. కేరళలో ఇటీవలి సంవత్సరాల్లో, కరాచీలో అంతకు ముందు నుంచీ ఈ మరణాలు నమోదయ్యాయి. ఇది అరుదైన జబ్బే. భయపడి వుజూ మానుకోమని కాదు నా ఉద్దేశం. చెరువు నీళ్లు, చాలాకాలం కడగని ట్యాంకు నీళ్లు ముక్కులోకి గట్టిగా పీల్చకండి, అంతే.

ఇక జోషాందా. బిహీదానా 3 గ్రాములు, ఉన్నాబ్ 5 పండ్లు, సపిస్తాన్ 9 కాయలు. ఇది తరతరాలుగా వస్తున్న నుస్ఖా. ఉన్నాబ్ అంటే మన రేగు జాతికి చెందిన ఎర్రని ఎండు పండు. సపిస్తాన్ అంటే మన పల్లెల్లో నక్కెర కాయ, విరిగి కాయ అనే జిగురు కాయ. రెండు గ్లాసుల నీళ్లలో వేసి ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించి, వడగట్టి, కలకండ కొద్దిగా కలిపి వేడిగా తాగాలి. పొద్దున, రాత్రి. బిహీదానాను దంచకండి, గింజలు గింజలుగానే నాననివ్వండి. దాని జిగురే మనకు కావలసింది, లోపలి పప్పు కాదు. వేడి నజ్లాకు, ఎండు దగ్గుకు ఇది బాగుంటుంది. చల్లని నజ్లాలో అతిమధురం, జూఫా, గావ్‌జబాన్ చేరుస్తాం. బజారులో దొరికే జోషాందా పొట్లాల్లో అతిమధురం సాధారణంగా ఉంటుంది. బీపీ ఉన్నవారు దాన్ని వారాల తరబడి తాగకూడదు, బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది.

పాతబడిన నజ్లాకు మన దగ్గర పేరున్న మందు ఇత్రీఫల్ ఉస్తుఖుద్దూస్. ఉస్తుఖుద్దూస్ అనే మూలికకు పాత హకీములు 'జారూబె దిమాగ్', అంటే మెదడు చీపురు అని పేరు పెట్టారు. రాత్రి పడుకోబోయే ముందు ఒక చెంచా, గోరువెచ్చని నీళ్లతో ఇస్తాం. అందులో కరక్కాయ ఉంటుంది, విరేచనం సాఫీగా అవుతుంది. గర్భిణులు వాడకూడదు. ఇత్రీఫల్, ఖమీరా, షర్బత్ ఏదైనా సరే తేనెతోనో, చక్కెరతోనో చేసిందే. షుగర్ ఉన్నవారు 'దేశీ మందే కదా' అని రోజూ నాకుతూ కూర్చుంటే రక్తంలో చక్కెర ఎక్కడికో పోతుంది. చక్కెర లేకుండా చేసినవి కొన్ని దొరుకుతాయి, అడిగి తీసుకోండి.

ఆవిరి హాయినిస్తుంది, జబ్బును నయం చేయదు. అయినా పట్టండి, కాని పొయ్యి మీద ఉన్న గిన్నె మీద వంగకండి. పిల్లలకు అసలు వద్దు. వేడి నీళ్ల గిన్నె ఒళ్లో పడి పసిపిల్లలు కాలిన సంఘటనలు చాలా ఉన్నాయి. ఉప్పు, గోధుమ పొట్టు వేయించి గుడ్డలో కట్టి చెంపల మీద కాపడం పెట్టుకోవచ్చు. కలోంజీ కొంచెం వేయించి పల్చని గుడ్డలో మూట కట్టి వాసన చూస్తే దిబ్బడ కాస్త విడిచినట్టుంటుంది. తల బరువుగా ఉన్నప్పుడు గోరువెచ్చని నీళ్లలో పాదాలు పెట్టుకునే పాషోయా మంచి పద్ధతే. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారు మాత్రం నీళ్ల వేడి ఇంట్లో మరొకరి చేత చూపించుకోవాలి. ముక్కులో నూనె వేసుకోవడం మన పుస్తకాల్లో ఉంది కాని పిల్లలకు, మంచాన పడిన పెద్దలకు వేయకండి, నూనె ఊపిరితిత్తుల్లోకి జారుతుంది.

మెడికల్ షాపులో దొరికే దిబ్బడ చుక్కల మందు గురించి ఒక ముక్క. వేయగానే ముక్కు తెరుచుకుంటుంది, ఆ సుఖం కోసం మళ్లీ మళ్లీ వేస్తారు. అయిదారు రోజులు దాటితే మందు దిగిన వెంటనే ముక్కు ముందుకన్నా గట్టిగా మూసుకుంటుంది. జేబులో సీసా లేనిదే బజారుకు వెళ్లలేని మనుషులున్నారు. డాక్టర్లు రాసే స్టెరాయిడ్ స్ప్రే ఇది కాదు, రెండూ వేరు. అలర్జీకి, దీర్ఘకాలపు సైనస్‌కు ఆ స్ప్రే మంచి మందు, చెప్పిన పద్ధతిలో నెలల తరబడి వాడినా ఫరవాలేదు. యునానీ వాడుతున్నాం కదా అని దాన్ని ఆపేయవలసిన పని లేదు. పేరూ ఊరూ లేని పొట్లాల్లో 'ఒక్క నెలలో సైనస్ మాయం' అని అమ్మే పొడులు మాత్రం ముట్టుకోకండి. వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుందనే అనుమానం ఎప్పుడూ ఉండాలి. హకీం అని బోర్డు పెట్టుకున్నవాడు ఇచ్చినా సరే, పేరు అడగండి, చీటీ అడగండి.

ఆపరేషన్ ఎందుకు పనికిరాదంటారు, మళ్లీ వస్తుందంటారు అని కొందరు అడుగుతారు. ముక్కులో ద్రాక్షగుత్తుల్లాంటి కండలు పెరిగినా, బూజు గట్టిపడి గదులు నిండినా, మందులతో మూడు నెలలు ప్రయత్నించినా తగ్గకపోయినా, సి.టి. స్కాన్ చూసి ఇ.ఎన్.టి. డాక్టరు దుర్బిణీతో చేసే ఆపరేషన్ అవసరమే. అది దారి వెడల్పు చేస్తుంది. అలర్జీని మాత్రం తీసివేయదు. అందుకే తర్వాత కూడా ఉప్పునీళ్లు, స్ప్రే కొనసాగించాలి. కొనసాగించనివారికే ఎక్కువగా తిరగబెడుతుంది. ముక్కు కండలతో పాటు ఉబ్బసం ఉన్నవారికి ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు వేస్తే ఊపిరి అందకుండా పోవచ్చు. మీ కుటుంబంలో అలాంటివారుంటే ఆ మాట ప్రతి డాక్టరుకూ చెప్పండి.

షుగర్ ఉన్నవారికి వేరే హెచ్చరిక

ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. 2021లో కరోనా రెండో విడతలో బ్లాక్ ఫంగస్ అని విన్నారు కదా, మ్యూకోర్‌మైకోసిస్. ఆ ఏడాది జులై నాటికి దేశంలో 45 వేలకు పైగా కేసులు నమోదయ్యాయని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. కరోనా తగ్గింది కాని ఆ బూజు ఎక్కడికీ పోలేదు. కరోనాకు ముందు కూడా మన దేశంలో ఉంది, ఇప్పుడూ ఉంది. చక్కెర అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు ఎక్కువ వాడినవారికి, కీమోథెరపీ తీసుకునేవారికి వస్తుంది. మొదట్లో అచ్చం సైనస్‌లానే ఉంటుంది. ఒక పక్క ముఖం నొప్పి, ముక్కు దిబ్బడ. తర్వాత చెంప తిమ్మిరెక్కుతుంది, కన్ను వాస్తుంది, రెప్ప వాలిపోతుంది, ఒకటి రెండుగా కనపడుతుంది, పళ్లు కదులుతాయి, అంగిట్లో నల్లని మచ్చ కనిపిస్తుంది, ముక్కు నుంచి నల్లగానో రక్తంతోనో కారుతుంది. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా అది జోషాందా తాగవలసిన రోజు కాదు. పెద్ద ఆసుపత్రికి ఆ పూటే వెళ్లాలి. అక్కడ వారాల ఆలస్యం మాట అటుంచి, ఒక రోజు ఆలస్యమైనా కన్ను, ప్రాణం పందెంలో ఉంటాయి.

షుగర్ లేకపోయినా, సైనస్ తర్వాత కన్ను చుట్టూ వాచినా, నుదురు మీద మెత్తని బుడిపె లేచినా, మెడ బిగుసుకుపోయి జ్వరం, వాంతులు, మగత వచ్చినా, జీవితంలో ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా పుట్టినా అంతే. ముందు ఆసుపత్రి, తర్వాతే మేము.

మీరుండే చోటు

నజ్లా మందు ఇచ్చేటప్పుడు ఉండే ఊరు, చేసే పని అడగడం మన పద్ధతి. సోలాపూర్, భివండీ మగ్గాల దగ్గర దూది ధూళి. బళ్లారి, సండూరు వైపు ఇనుప ఖనిజం దుమ్ము. బెంగళూరులో ఖాళీ జాగాల నిండా కాంగ్రెస్ గడ్డి. దాని పుప్పొడి పడనివారికి ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. యానాం, బరంపురం వంటి తేమ ఊళ్లలో వానాకాలం గోడలకు పట్టే బూజు. దుమ్ము పనికి వెళ్లేవారు తడిపిన జేబురుమాలు కట్టుకుంటే చాలదు, మంచి మాస్కు పెట్టుకోండి. పని దిగి ఇంటికి రాగానే ఉప్పునీటితో ముక్కు కడగండి. జుమేరాత్ సాయంత్రం తలుపులన్నీ వేసి లోబాన్ పొగ వేసే ఇళ్లలో అలర్జీ ముక్కు ఉన్నవారిని ఆ అరగంట బయట కూర్చోబెట్టండి, కిటికీలు తెరవండి. బీడీ, సిగరెట్ల గురించి నేను చెబితే వినేవారు తక్కువ. ఆ పొగ పొర మీది చిన్న వెంట్రుకలను పక్షవాతం వచ్చినట్టు కదలనివ్వదు.

ప్రభుత్వ యునానీ వైద్యం కావలసినవారికి బెంగళూరు మాగడి రోడ్డులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యునానీ మెడిసిన్ ఆసుపత్రి, చెన్నై అరుంబాక్కంలో ప్రభుత్వ యునానీ కళాశాల, ఒడిశాలో భద్రక్‌లోనూ, మహారాష్ట్రలో ముంబైలోనూ కేంద్ర యునానీ పరిశోధన మండలి కేంద్రాలు ఉన్నాయి. వెళ్లేటప్పుడు నొప్పి ఏ రోజు వచ్చింది, ఎన్ని గంటలు ఉంది, ముక్కు నుంచి ఏం వచ్చింది, ఏ మాత్ర వేసుకున్నారు అన్నవి ఒక నెల పాటు క్యాలెండరు మీద రాసుకుని తీసుకెళ్లండి. ఆ కాగితం చూస్తే సైనసో షఖీఖానో సగం తేలిపోతుంది.

పిల్లల గురించి అడిగేవారు ఎక్కువ కనుక అది కూడా చెబుతాను. నుదుటి గది అయిదారేళ్ల దాకా పిల్లల్లో సరిగ్గా ఏర్పడదు. నాలుగేళ్ల పాప నుదురు నొప్పి అంటే సైనస్ అని కషాయం కాయకండి. జ్వరం, కంటి చూపు, పన్ను, నిద్ర, ఆకలి చూడండి. పిల్లవాడికి ఎప్పుడూ ముక్కు దిబ్బడే, నోటితో గాలి పీలుస్తాడు, గురక పెడతాడు, చెవి పోటు వస్తుంటుంది అంటే ముక్కు వెనక ఉండే గడ్డ పెరిగిందేమో చూపించాలి. రెండు ముక్కు రంధ్రాలలో ఒక్కదాని నుంచే కుళ్లు వాసనతో చీమిడి కారుతుంటే పసివాడు లోపల పూసో, చింతగింజో, పలక బలపం ముక్కో పెట్టుకుని ఉంటాడు. చిన్న గుండ్రటి బ్యాటరీ అయితే కొన్ని గంటల్లోనే లోపలి పొరను కాల్చేస్తుంది. మీరు పుల్లతోనో, పిన్నుతోనో తీయబోకండి, ఇంకా లోపలికి పోతుంది. ఆ రోజే ఇ.ఎన్.టి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన నిమిషంలో తీసేస్తాడు.